పులికాట్ దీవులు: బాగుపడేదాకా మూసేయాలా, జనం వస్తూ పోతూ ఉండగానే బాగుచేయాలా?

వేలచ్చేరి వాసి

మొన్న ఆదివారం చెన్నైలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో మొదలైన గొడవ ఇది. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నా. సంక్రాంతి సెలవులకు పులికాట్‌లో బోటెక్కుదామని వాళ్లు, ఆ దీవుల జోలికి కొన్నేళ్లు ఎవరూ పోవద్దని నేను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మన పెద్దవాళ్లు ప్రళయ కావేరి అన్నది ఈ పులికాట్ సరస్సునే. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. చాలా భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో. ఆంధ్ర వైపు 1976లో, తమిళనాడు వైపు 1980లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఇరకం, వేనాడు లాంటి ఊళ్లున్న దీవులూ ఉన్నాయి, మనుషులు లేని చిన్న తిప్పలూ ఉన్నాయి. ఇప్పుడు ఒకే నోట రెండు మాటలు వింటున్నాం. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల్లో ఇసుక తీస్తాం, మడ మొక్కలు నాటుతాం, సర్కారు తుమ్మ పీకేస్తాం అని ఒకటి. పర్యాటకం పెంచుతాం, బోటింగ్ పెడతాం అని ఇంకొకటి.

నా వాదన ఇదీ. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఇక్కడికి గుడ్లు పెట్టడానికి రావు. అది కచ్ రణ్‌లో. ఇక్కడికి వచ్చేది తిండికి. మోకాలి లోతు నీళ్లలో కాళ్లతో బురద కెలుకుతూ, తల కిందులు చేసి ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటూ గంటలకొద్దీ తింటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డులో అటకానితిప్ప దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఎవరో ఒకరు కారు దిగి చప్పట్లు కొడతారు. లేదంటే గట్టు మీది రాయి తీసి విసురుతారు. రెక్కలు విప్పితేనే కదా లోపలి ఎరుపు ఫొటోలో పడేది! గుంపంతా లేచి ఒక చుట్టు తిరిగి దూరంగా వాలుతుంది. మళ్లీ మేత మొదలుపెట్టేలోపు ఇంకో కారు. రోడ్డు మీద నుంచే ఇంత చేసేవాళ్లను బోటెక్కించి తిప్ప మీద దింపితే ఏం మిగులుతుంది? అక్టోబరు నుంచి మార్చి దాకా పూర్తిగా మూసేయాలి. కనీసం ఐదేళ్లు.

తడ కుర్రోడు

అన్నా, మూసేయాలంటున్నారు, సరే. ఎవరికి మూస్తారు?

మాది తడ పక్కనే, ఉద్యోగం అంబత్తూరులో. ఇరకంలో మా చుట్టాలున్నారు. వాళ్లకు బోటు అంటే పిక్నిక్ కాదు. కాన్పుకు పోవాలన్నా, పెళ్లి సామాను తేవాలన్నా అదే దారి. సరస్సులో చేపల వేటకు కూడా పాడు అని ఒక కట్టుబాటు ఉంది. ఏ చోట ఎవరు, ఏ రోజు వల వేయాలో వంతులు. ఎవరి ఇష్టం వాళ్లదైతే సరస్సు ఖాళీ అవుతుందని ఏ శాఖా చెప్పకముందే మావాళ్లకు తెలుసు.

మూసేసిన దీవి చూడాలంటే దూరం పోనక్కర్లేదు, శ్రీహరికోట ఉంది. 1971లో అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. అప్పటి నుంచి అనుమతి లేని బయటివాళ్లు గేటు దగ్గరే ఆగిపోవడం. అడవి బాగానే మిగిలింది, కాదనను. కానీ అంతకుముందు ఆ అడవిలో తేనె, దుంపలు, కట్టెల మీద బతికిన యానాదుల సంగతి ఏమైందో కూడా ఆ లెక్కలో రాయండి. వేలచ్చేరిలో కూర్చుని మూసేయండి అనడం సులువు.

తిరువాన్మియూర్ తాబేలు

వేలచ్చేరి గారి బాధ అర్థమైంది, మందు మాత్రం తప్పు అనిపిస్తోంది.

మన ఊళ్లోనే చూడండి. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో రాత్రిపూట తాబేలు గుడ్ల కోసం నడిచే విద్యార్థుల బృందం 1988 నుంచి ఉంది. సీజన్‌లో వారాంతాల్లో మామూలు జనాన్ని కూడా వెంట తీసుకెళ్తారు. టార్చి వేయకూడదు, గోల చేయకూడదు, ముందు నడిచేవాళ్లు ఆగమంటే ఆగాలి. నేనూ అలా వెళ్లి అక్కడే అతుక్కుపోయినదాన్నే. ఆలివ్ రిడ్లీ తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తవ్వడం ఒక్కసారి చూస్తే చాలు. రెండు కాళ్లనూ గరిటెల్లా వంచి, ఒకటి ఇసుక తీసి పక్కన పెడుతుంటే రెండోది ఆ ఇసుక మళ్లీ గోతిలో జారకుండా అడ్డం పెడుతుంది. అది చూసినవాళ్లు బీచ్‌లో లైట్లు తగ్గించమంటే సంతకం పెట్టకుండా పోరు. చూడనివ్వకపోతే ఆ సంతకాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇంకో సంగతి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలకొద్దీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. వాటిని చంపింది ఇసుకలో నడిచినవాళ్లు కాదు. మునిగి ఊపిరాడక పోయాయి, ట్రాలర్ (వల ఈడ్చే మరపడవ) వలల్లో. తీరం నుంచి ఐదు నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదని తమిళనాడులో నిబంధన ఉంది. చూడ్డానికి వచ్చినవాడిని ఆపడం తేలిక కాబట్టి వాడినే ఆపుతున్నాం.

వేలచ్చేరి వాసి

తాబేలు నడకతో దీన్ని పోల్చకండి మేడమ్. అక్కడ ముందు నడిచేవాళ్లు ఉన్నారు. పులికాట్‌లో ఎవరున్నారు? 2011 డిసెంబరు 25న పళవేర్కాడు (తమిళంలో పులికాట్ పేరు) దగ్గర పడవ బోల్తాపడి 22 మంది పోయారు, క్రిస్మస్ రోజు. ఆ తర్వాత విహారానికి పడవలు నడపకూడదన్నారు. అయినా ఒడ్డున అడిగితే ఎవరో ఒకరు తీసుకెళ్తూనే ఉన్నారు. లైఫ్ జాకెట్ కూడా సరిగా ఇవ్వనివాళ్లు పక్షులకు ఎంత దూరంలో ఇంజిన్ ఆపాలో చూస్తారా?

తడ కుర్రోడు

నేను చెప్పేదీ అదే కదా అన్నా! నిషేధం పెడితే పడవ ఆగలేదు, జాకెట్ ఆగింది. లైసెన్సు ఉన్న పడవైతే ఎందరిని ఎక్కించావని అడగొచ్చు. దొంగ పడవను ఎవరు అడుగుతారు?

మాధవరం రిటైర్డ్ ఇంజనీర్

పిల్లలూ, మీరిద్దరూ పడవ దగ్గరే ఆగిపోయారు. అసలు నీళ్ల సంగతి మాట్లాడండి.

పులికాట్ సగటు లోతు ఒక మీటరు. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు వానాకాలంలో మంచినీళ్లు తెస్తాయి, ముఖద్వారాల్లోంచి సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. ఈ రెండూ కలిస్తేనే రొయ్య, మడవ, పీత, వాటితోపాటు పక్షి. రాయదొరువు లాంటి మొగలు (ముఖద్వారాలు) ఇసుక మేటవేసి పూడిపోతే సముద్రం రాదు. పైగా శ్రీహరికోట రోడ్డు సరస్సుకు అడ్డంగా కట్ట కట్టి వేసింది. తూములున్నాయి గానీ అవి చాలవు. వేసవిలో ఆ కట్టకు ఉత్తరాన బీటలు వారిన మట్టి, పైన ఉప్పు పొర. అక్కడ పర్యాటకుడు ఉన్నా లేకపోయినా పక్షికి దక్కేది ఏమీ లేదు.

చిలికాలో ఏం చేశారో చూడండి. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పదనం తిరిగొచ్చింది, చేపలు, రొయ్యలు పెరిగాయి. ప్రమాదంలో పడిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో దాని పేరు తీసేశారు. పర్యాటకులను తరిమి సాధించింది కాదు. ఒడిశా పనికి ఆంధ్ర, తమిళనాడు రెండింటి సంతకాలు అక్కర్లేదు, అదొక్కటే వాళ్లకు కలిసొచ్చింది.

అదే చిలికాలో మంగళజోడి అని ఒక ఊరుంది. ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మినవాళ్లే ఇప్పుడు గైడ్లు. ఇంజిన్ లేని పడవను గెడతో తోసుకుంటూ పక్షుల పక్కగా తీసుకెళ్తారు. అవి కదలవు. ఎందుకు కదలవో ఆలోచించండి: చప్పుడు లేదు, నీళ్ల కింది బురద లేవదు, దిగడం లేదు. మనిషిని చూసి కాదు, మనిషి చేసే హడావుడిని చూసి పక్షి లేస్తుంది.

పోరూరు కాకినాడ

గైడ్ల మాట బాగుంది గానీ మా ఊరి సంగతి కూడా వినండి. కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ చూసే ఏర్పాటు ఉంది. మనిషి కాలు బురదలో పడదు, గుంపు ఎంతున్నా దారి తప్పదు. అదే హోప్ ఐలాండ్ తీసుకోండి, గోదావరి తెచ్చిన మట్టితో ఏర్పడిన ఇసుక దిబ్బ, తుఫాను వస్తే కాకినాడకు అడ్డుగోడ. అక్కడ బోటు దిగాక జనం ఎటైనా పోవచ్చు. నేను వెళ్లినప్పుడు ఒడ్డున బిర్యానీ ప్యాకెట్లు, ఇసుకలో కుక్కల అడుగులు. ప్యాకెట్లు ఉన్నచోట కుక్కలు ఉంటాయి, కుక్కలు ఉన్నచోట తాబేలు గుడ్లు ఉండవు. ఒకే జిల్లా, ఒకే జనం. తేడా అంతా దారిలో ఉంది.

తిరువాన్మియూర్ తాబేలు

ఇదిగో, దీని కోసమే చూస్తున్నా. మన దగ్గర వేడంతాంగల్ పక్షుల చెరువు కూడా అంతే. చెరువు కట్ట మీద ఒక పక్కనే నడక, పక్షులు గూళ్లు పెట్టే చెట్లు నీళ్ల నడుమ. అవతలికి ఎవరూ పోరు. 1798లోనే అప్పటి కలెక్టరు చేత ఆ చెరువు పక్షులకు రక్షణ రాయించుకున్నది ఊరివాళ్లు. పక్షుల పెంట కలిసిన ఆ నీళ్లతో వాళ్ల వరి బాగా పండేది మరి. ప్రేమతో పాటు లెక్క కూడా ఉంది.

వేలచ్చేరి వాసి

సరే, ఐదేళ్ల మాట పక్కన పెడతా. కానీ మనుషులు లేని తిప్పల మీద దిగడం మాత్రం ఒప్పుకోను, ఏ నెలలోనైనా సరే. వచ్చినవాళ్లు ఇరకం పోవచ్చు, ఇరకం వాళ్ల పడవలోనే పోవాలి. పక్షులున్న చోట ఇంజిన్ ఆపి గెడ వేయాలి. డ్రోన్ కనిపిస్తే లాక్కోవాలి. రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర కార్లు ఆపడానికి ఒక్క చోటు, దానికి తడక అడ్డం, తడకలో కళ్లు పెట్టి చూసేంత కంతలు. రాయి విసరాలన్నా కుదరదు.

ఇక పండుగ. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2025లో జనవరి 18 నుంచి 20 దాకా చేశారు. పక్షులు నిండుగా ఉండే రోజుల్లోనే మైకులు, వేలమంది జనం. దాన్ని ఊళ్లోకి పరిమితం చేసి సరస్సు ఒడ్డున మాత్రం ఏమీ పెట్టకుండా చేయలేరా?

తడ కుర్రోడు

తడక సంగతి బాగుంది, దానికి నేనూ ఒప్పుకుంటా. గెడ కూడా, మా నాన్న తరంలో అంతా గెడే. పండుగ దగ్గర మాత్రం ఆగండి. ఆ మూడు రోజులూ రోడ్డు పక్కన పీతల కూర, రొయ్యల వేపుడు అమ్ముకునేవాళ్లకు ఏడాదిలో అంత బేరం మళ్లీ రాదు. పక్షి లేని చోట పక్షుల పండుగ అంటే చెన్నై నుంచి మీరైనా వస్తారా?

మాధవరం రిటైర్డ్ ఇంజనీర్

మైకు ఊళ్లో, తడక సరస్సు దగ్గర, పీతల కూర రెండు చోట్లా. ఇందులో గొడవ ఏముంది? నాకు అర్థం కానిది వేరే. ముఖద్వారంలో ఇసుక తవ్వినా ఏడాది తిరక్కుండా అలలు మళ్లీ పూడుస్తాయి. రెండు పక్కలా రాతి గోడలు కడితే మొగ నిలుస్తుంది గానీ, ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే తీరం ఇది, గోడకు ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఎన్నూరులో ఓడరేవు కట్టాక ఏమైందో అక్కడి కుప్పాల (జాలరి పల్లెల) వాళ్లను అడగండి. ఆ ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊళ్లు ఎవరివి, తడ అబ్బాయీ?

తడ కుర్రోడు

మావే సార్.