చింతచెట్టు నవల పూర్తయింది, అచ్చుకు దారి ఎటు?

చింతనీడ (రామంతాపూర్):

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు, ఒక చిన్న ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. మూడేళ్లు పట్టింది, మొన్న నా మొదటి నవల పూర్తయింది. సగం ఇంట్లో రాశాను. సగం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకునే వాళ్ల మధ్య చోటు వెతుక్కుని రాశాను.

కథ ఇది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నా నవలలో ఆ చెట్టు తన కొమ్మలు పట్టుకున్న ప్రతి ఒక్కరినీ గుర్తు పెట్టుకుంటుంది. తల్లికి తోడుగా ఆసుపత్రిలో పడుకున్న పద్నాలుగేళ్ల పిల్లకు రాత్రుళ్లు ఆ పేర్లు వినిపిస్తాయి. ఒక పేరు మాత్రం చెట్టు చెప్పదు.

13 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం రాశాను. మొత్తం 71 వేల మాటలు. ఇద్దరు ప్రచురణకర్తలను కలిశాను. ఒకరు ‘ఇది బాలసాహిత్యమా, నవలా?’ అని అడిగారు, నేను జవాబు చెప్పేలోగా కట్ట తిరిగి ఇచ్చేశారు. రెండో ఆయన ‘ఈ వయసు పిల్లలు తెలుగు చదవరమ్మా’ అన్నారు. తర్వాత ఒక సంస్థ వాళ్లే ఫోను చేశారు. 45 వేలు కడితే పుస్తకం గుర్తింపు సంఖ్య ఐఎస్‌బిఎన్‌తో సహా అన్నీ చూసుకుంటారట, ఈ నెలాఖరులోగా చెప్పాలట. విదేశాల్లో రచయితలకు ఏజెంట్లు ఉంటారని చదివాను. మనకు ఎవరున్నారు? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బడి బీరువా (మల్కాజిగిరి):

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను, గ్రంథాలయం తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. పిల్లలు చదవరన్న మాట నేను ఒప్పుకోను. వాళ్లకు ఇవ్వడానికి నా బీరువాలో ఏమీ లేదు, అసలు కష్టం అది. కింది అరలో బొమ్మల కథలు, పై అరలో పెద్దవాళ్ల నవలలు, మధ్యలో ఖాళీ. తొమ్మిదో తరగతి పిల్లవాడు కింది అర వైపు వంగడానికి సిగ్గుపడతాడు, పై అర పుస్తకం నాలుగు పేజీలకే తిరిగి ఇస్తాడు.

తెలంగాణలో 2018 చట్టం వచ్చాక ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు నేర్పాలి. అంటే చదవడం వచ్చిన పిల్లలున్నారు. కాకపోతే చాలామందికి అది ఇంగ్లీషు తర్వాతి భాష, పొడవైన వాక్యం మధ్యలో ఊపిరి అందదు. మీ పుస్తకం వచ్చిన రోజు ఐదు ప్రతులు నా డబ్బుతో కొంటాను, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

ఫతే దర్వాజా (నల్లకుంట):

మీ ప్రశ్న రాత్రి చదివాను, చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ రెండో ఆయన మీతో అన్నదే నాతోనూ ఒకరు అన్నారు, ఆరేళ్ల కిందట.

ముందు ఆ 45 వేలు కట్టకండి. ఐఎస్‌బిఎన్ కొనుక్కునే వస్తువు కాదు. కేంద్ర విద్యాశాఖ పరిధిలోని రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పేరు మీదే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, నేను అలాగే తీసుకున్నాను. ‘నెలాఖరులోగా’ అని తొందరపెట్టేవారికి మీ చెట్టుతో పని లేదమ్మా.

ఏజెంట్ల సంగతి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఏజెంటు రచయిత తరఫున ప్రచురణ సంస్థతో బేరం మాట్లాడి, రాబడిలో మామూలుగా 15 శాతం తీసుకుంటాడు. ముందుగా రచయిత దగ్గర డబ్బు అడిగేవాడిని అక్కడ కూడా నమ్మరు. తెలుగులో ప్రచురణకర్తతో మనమే మాట్లాడుకోవాలి, లేదా సొంతంగా వేసుకోవాలి. నేను రెండూ చూశాను.

నా నవల గోల్కొండ కథ. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి కదా. నా కథలో పైన నిలబడ్డ కుర్రవాడికి కింద ఎవరూ లేని సమయంలో చప్పట్లు వినిపిస్తాయి. మొదట 64 వేల మాటలు రాశాను. ప్రచురణకర్తలు వద్దన్నాక ఒక వేసవిలో మా అక్క కూతురిని, దాని ముగ్గురు స్నేహితురాళ్లను సాయంత్రాలు మా డాబా మీద చాప వేసి కూర్చోబెట్టాను. రోజుకో అధ్యాయం పైకి చదివాను. వాళ్లను ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు, అడిగితే బాగుందనే అంటారు. చేతిలో పెన్సిలు పెట్టుకుని వాళ్ల వేళ్ల వంక చూశాను. ఎవరైనా చాప ఈనెలు పీకడం మొదలుపెట్టగానే ఆ వాక్యం పక్కన గీత పెట్టాను.

నాలుగో అధ్యాయంలో కుతుబ్‌షాహీల వంశం గురించి రెండున్నర పేజీలు ఎంతో ముచ్చటపడి రాసుకున్నాను. రెండో పేరా దాటేసరికి నలుగురి వేళ్లూ చాప మీదే ఉన్నాయి. ఆ పేజీలన్నీ తీసేశాను. కుర్రవాడు తాతకు అబద్ధం చెప్పే అర పేజీ మాత్రం నాకు మామూలుగా అనిపించినదే, అక్కడ ఒక్క ఈన కదల్లేదు. మా అక్క కూతురు ‘తాతకు తెలిసిపోయింది కదా పిన్నీ’ అంది. నా కథలో తాతకు తెలియదు! ఆ రాత్రే కూర్చుని తెలిసినట్టు మార్చాను. తెలిసీ ఊరుకున్న తాత వచ్చాక మిగిలిన పద్దెనిమిది అధ్యాయాలూ తిరగరాయవలసి వచ్చింది. చివరికి 48 వేల మాటలు మిగిలాయి.

అప్పుడు ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నారు. ఒప్పందం ఒకే పేజీ, ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని ఒకే వాక్యం. ఎన్నేళ్లకు అని అడిగితే ముఖం చిట్లించారు. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను మీరు తప్పక చదవండి. హక్కుల బదిలీకి కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. కానీ ‘ఎప్పటికీ’ అని రాసిన కాగితం మీద సంతకం పెడితే ఆ రక్షణ మీకు ఉండదు. ఆడియో, అనువాదం, సినిమా హక్కులు విడివిడిగా రాయమన్నాను, కుదరలేదు, కాగితం వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రోజు బస్సులో ఏడ్చాను. ఈ రోజుకీ ఆ పని చేసినందుకు సంతోషమే.

సొంతంగా 500 ప్రతులు వేశాను. డెమ్మీ సైజు, 208 పేజీలు, అంటే ఫారానికి 16 పేజీల లెక్కన 13 ఫారాలు. అచ్చు, బైండింగు కలిపి ప్రతికి 96 రూపాయలు పడింది, ముఖచిత్రం వేసిన అమ్మాయికి ఇచ్చింది వేరు. వెల 200 పెట్టాను. పంపిణీదారుకు 40 శాతం పోగా నాకు 120 వచ్చింది. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో తెలిసినవారి స్టాలులో ఒక మూల చోటు అడిగి నేనే నిలబడ్డాను. అక్కడ తల్లిదండ్రుల వైపు చూడడం మానేసి పిల్లలకే మొదటి పేజీ చేతికిచ్చి చదవమన్నాను. అలా అమ్ముడైనవే ఎక్కువ.

మీ 71 వేల మాటలు నా లెక్కన 300 పేజీలు దాటుతాయి. వెల కూడా 300 దాటుతుంది. అది పిల్లలు తమ డబ్బుతో కొనగలిగే వెల కాదు.

సొంతంగా వేస్తే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 చట్టం ప్రకారం 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. నేను పంపాను. నా కుర్రవాడు ఆ నాలుగు ఊళ్లలో ఉన్నాడన్న తలపు నాకు ఎంత బలమో చెప్పలేను.

ప్రూఫు దిద్దేవాడు (చిక్కడపల్లి):

ఇరవై ఎనిమిదేళ్లుగా డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కట్టే పని, చేస్తున్నాను. ఒక్క విషయం అడుగుతాను. మీరు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్‌లో రాశారా, అచ్చు పనిలో వాడే పాత అను ఫాంట్లలోనా? యూనికోడ్ అయితే పేజీలు కట్టేవారు దాన్ని అనులోకి మార్చే అవకాశం ఎక్కువ. ఆ మార్పిడిలో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి చోట్ల వత్తులు చెదురుతాయి, ‘ఫోన్‌లో’ అన్నది ‘ఫోన్లో’ అవుతుంది. ‘ఆసుపత్రి’ మీ నవలలో ఎన్ని వందల సార్లు వస్తుందో, అందులోని క్రావడి (‘త్రి’లోని ర వత్తు) ప్రతిచోటా చూసుకోవలసి ఉంటుంది.

యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలవారిని వెతకండి, ఇప్పుడు దొరుకుతున్నారు. ప్రూఫు కాగితం మీద దిద్దిన ప్రతి తప్పునూ మీ కంప్యూటర్‌లోని మూలప్రతిలో కూడా దిద్దండి. చాలామంది ఇది చేయరు. మూడేళ్ల తర్వాత ఈబుక్ వేద్దామనుకుంటే తప్పుల ప్రతే మిగులుతుంది. పేజీల సంఖ్య 16తో భాగించేటట్టు చూసుకోండి. 209వ పేజీకి నాలుగు పంక్తులు వెళ్లాయంటే ఇంకో ఫారం పెరుగుతుంది.

చింతనీడ (రామంతాపూర్):

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ సంస్థకు ఈ ఉదయమే వద్దని చెప్పాను. యూనికోడ్‌లోనే రాశాను సార్, కాబట్టి మీరు చెప్పినట్టే వెతుకుతాను.

ఫతే దర్వాజా గారూ, నిజాం కాలంనాటి నగరం గురించి నేనూ ఒక అధ్యాయం నిండా రాశాను. అది లేకపోతే వరద అర్థం కాదేమోనని భయం.

ఫతే దర్వాజా (నల్లకుంట):

ముందే తీసేయకండి. ఆ అధ్యాయం కూడా పిల్లలకు చదివి వినిపించండి, వరద గురించి వాళ్లు ఏమి అడుగుతారో అదే ఉంచండి. ఇంకొకటి, సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్లు మించని వారికి ఇస్తారు. మీకు తొమ్మిదేళ్లు ఉన్నాయి, పుస్తకం ఈ డిసెంబరుకే రావాలని పరుగెత్తకండి.

చింతనీడ (రామంతాపూర్):

సరేనండి. మా వీధిలో ఐదుగురు పిల్లలు ఆదివారం వస్తామన్నారు, ఇద్దరు ఎనిమిదో తరగతి, ముగ్గురు తొమ్మిదో తరగతి. అమ్మ మేడ మీద దుప్పటి పరుస్తానంది. చాపే పరచమన్నాను.