స్టాటిస్టిక్స్ విభాగానికి విదేశీ భాగస్వామ్యం: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. విదేశీ యూనివర్సిటీతో ఒప్పందానికి ప్రతిపాదన రాసే పని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పజెప్పారు. సంతకాలు, శాలువాలు, ఫొటోలు అయ్యాక ఫైలు బీరువాలోకి వెళ్లిపోయే రకం ఒప్పందం మాత్రం నాకొద్దు.

నేను చూస్తున్న నమూనా కోల్‌కతాది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1950లో అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం మొదలైంది. ఇంటర్నేషనల్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అందులో భాగస్వామి. యునెస్కో, భారత ప్రభుత్వం అండగా నిలిచాయి. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి అక్కడ శిక్షణ పొందారు. అంత పెద్దది మాకు కుదరదు, తెలుసు.

మా దగ్గరున్నది పొలం. వరిలో పంటకోత ప్రయోగానికి (చేలో చిన్న ముక్క కోసి, తూచి, దిగుబడి అంచనా వేయడం) 5 మీటర్ల చదరం ఎలా ఎంచుకుంటారో పిల్లలకి గట్టు మీదే చూపించొచ్చు. కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు సరేసరి. శాంపిల్ సర్వేకి ఇంతకంటే మంచి ల్యాబ్ ఉంటుందా? (సొంత ఊరి అభిమానం అనుకోండి.)

చిన్న కాలేజీలో ఇలాంటిది నడిపినవాళ్లు చెప్పండి. ముందు మన యూనివర్సిటీ అనుమతి తీసుకోవాలా, లేక అవతలి ప్రొఫెసర్‌తో ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టి తర్వాత కాగితాల దాకా వెళ్లాలా? ఖర్చు ఎవరు భరించారు? సర్వే డేటా పంచుకునేటప్పుడు రైతుల వివరాలు బయటపడకుండా ఏ షరతులు రాసుకున్నారు?