బీసీఎల్-ఎక్స్‌లో ఎక్స్ఎస్ పెరిగినా ఎంసీఎఫ్-7 కణాలు చావడం లేదు, ఎందుకు?

స్ప్లైస్‌బెంచ్:
ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలకు లిపిడ్ రీఏజెంట్‌తో 100 నానోమోలార్ యాంటీసెన్స్ ఒలిగో (ఆర్ఎన్ఏకు అతుక్కునే పొట్టి కృత్రిమ పోగు) ఇస్తున్నాం. కణం చావుబతుకులను నియంత్రించే బీసీఎల్-ఎక్స్ జన్యువు ఆర్ఎన్ఏలో, ఎక్సాన్ 2 (ఎక్సాన్ అంటే తుది ఆర్ఎన్ఏలో మిగిలే భాగం) చివరనున్న స్ప్లైస్ సైట్‌ను, అంటే ఆర్ఎన్ఏ తెగి అతికే చోటును, అది మూసేస్తుంది. అప్పుడు ఆ జన్యువు ఇచ్చే రెండు రకాల్లో కణాన్ని కాపాడే పొడుగు ఎక్స్ఎల్ తగ్గి, చావు వైపు నెట్టే పొట్టి ఎక్స్ఎస్ పెరగాలి. 24 గంటలకు క్యూపీసీఆర్‌లో (ఆర్ఎన్ఏ మోతాదు కొలిచే పరీక్షలో) ఎక్స్ఎస్ 5 రెట్లు పెరిగింది. కానీ 35 సైకిళ్ల ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి పెంచడం) చేస్తే జెల్ మీద రెండు కాదు, మూడు బ్యాండ్లు వస్తున్నాయి. కణం చావుకు గుర్తైన క్లీవ్డ్ (కోతపడి చురుకైన) కాస్పేస్-3 ఎంజైమ్ కోసం చేసిన వెస్టర్న్ (యాంటీబాడీతో ప్రొటీన్‌ను చూసే పరీక్ష) ఖాళీ. కణాలు చెక్కుచెదరలేదు. ఒలిగో పనిచేయనట్టేనా?

జెల్‌గది:
ముందు జెల్ సంగతి. ప్రైమర్లు (పీసీఆర్‌ను మొదలుపెట్టే పొట్టి డీఎన్ఏ ముక్కలు) ఎక్సాన్ 2, ఎక్సాన్ 3లవైతే రెండు బ్యాండ్ల మధ్య తేడా సరిగ్గా 189 బేస్‌లు ఉండాలి. మూడోది పెద్ద బ్యాండ్‌కి కూడా పైన ఉంటే అది కొత్త ఐసోఫామ్ (అదే జన్యువు ఇచ్చే మరో రకం) కాకపోవచ్చు. ఒక పోగు ఎక్స్ఎల్‌ది, ఒక పోగు ఎక్స్ఎస్‌ది కలిసిన హెటెరోడూప్లెక్స్ అలాగే మెల్లగా పరుగెడుతుంది. 35 సైకిళ్లకు ప్రైమర్లు తగ్గిపోయి పోగులు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ప్రొడక్ట్‌ను తాజా మిక్స్‌లో 10 రెట్లు పలచన చేసి 3 సైకిళ్లు తిప్పండి. ఆ బ్యాండ్ మాయమైతే సందేహం తీరినట్టే.

నిష్పత్తి కొలవాలంటే 25 నుంచి 28 సైకిళ్ల దగ్గర ఆపేయాలి. అంతకు మించితే చిన్న ముక్క ఎక్కువగా పెరిగి ఎక్స్ఎస్ లేనంత ఉన్నట్టు చూపిస్తుంది.

ఇక ఆ 5 రెట్లు. మొదట ఎక్స్ఎస్ 4 శాతమే ఉందనుకోండి, ఇప్పుడది 20 శాతం. మిగతా 80 శాతం ఇంకా ఎక్స్ఎల్లే కదా! రెట్లు పక్కనపెట్టి, మొత్తంలో ఎక్స్ఎస్ వాటా ఎంతో చెప్పండి.

మైటో_రీడర్:
ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 కోసం వెతకొద్దండీ. ఆ కణాల్లో సీఏఎస్‌పీ3 జన్యువు ఎక్సాన్ 3లో 47 బేస్‌లు ఎగిరిపోయి ఉంటాయి, అసలు ఆ ప్రొటీనే తయారవదు. డీఎన్ఏ ల్యాడర్ (చచ్చే కణంలో ముక్కలైన డీఎన్ఏ జెల్ మీద మెట్లలా కనిపించడం) కూడా ఆశించకండి. కణం చావుకు ఇతర గుర్తులైన క్లీవ్డ్ కాస్పేస్-7, క్లీవ్డ్ పార్ప్, అనెక్సిన్-వి చూడండి.

24 గంటలు ఆర్ఎన్ఏకి సరిపోతాయి, చావు చూడటానికి చాలవు. అంతకుముందే తయారైన ఎక్స్ఎల్ ప్రొటీన్ అంత తొందరగా కరగదు. 48, 72 గంటలకు కూడా శాంపిళ్లు తీయండి. అదే కెమిస్ట్రీలో స్క్రాంబుల్డ్ (బేస్‌ల వరుస కలగాపులగం చేసిన) ఒలిగో, ఒట్టి లిపిడ్ రీఏజెంట్ రెండూ పక్కన ఉండాల్సిందే. లేకపోతే రీఏజెంట్ విషానికి చచ్చిన కణాలను ఒలిగో ఖాతాలో వేసేస్తాం.

స్ప్లైస్‌బెంచ్:
ధన్యవాదాలండీ. కాస్పేస్-3 ఉన్న హీలా కణాలకు మారితే పని సులువవుతుందా? వెస్టర్న్‌లో ఎక్స్ఎస్‌ను విడిగా గుర్తుపట్టడం ఎలా?

మైటో_రీడర్:
హీలాలో ఇంకో చిక్కుంది. కణం చావడం మొదలయ్యాక కాస్పేస్-3 ఎక్స్ఎల్‌నే 61వ అమైనో ఆమ్లం దగ్గర కోస్తుంది. మిగిలిన చిన్న ముక్క చూసి ఎక్స్ఎస్ దొరికిందని పొరబడే ప్రమాదం ఎక్కువ. రెండు పనులు చేయండి. ఒలిగోకి గంట ముందు 20 మైక్రోమోలార్ జెడ్-వ్యాడ్ (కాస్పేస్‌లను అడ్డుకునే రసాయనం) ఇస్తే ముక్క పోతుంది, ఎక్స్ఎస్ ఉంటుంది. యాంటీబాడీ కూడా మొదటి 60 అమైనో ఆమ్లాల లోపల అతుక్కునేది తీసుకోండి, ఆ ముక్కలో ఆ భాగం ఉండదు. ఎక్స్ఎల్ పొడవు 233, ఎక్స్ఎస్‌ది 170. ఎక్స్ఎస్‌లో లేని ఆ 63 అమైనో ఆమ్లాల్లోనే బీహెచ్1, బీహెచ్2 భాగాలున్నాయి. అక్కడ అతుక్కునే యాంటీబాడీకి ఎక్స్ఎస్ కనిపించనే కనిపించదు.

జెల్‌గది:
ఇవన్నీ సరిచేశాక కూడా కణాలు చావకపోతే కణాన్ని కాపాడే మరో ప్రొటీన్ ఎంసీఎల్1 మీద అనుమానపడండి. ఎక్స్ఎల్ తగ్గినా ఎంసీఎల్1 చావు వైపు నెట్టే బ్యాక్, బిమ్ ప్రొటీన్లను పట్టుకుని కణాన్ని నిలబెడుతుంది. దానికీ ఇదే తరహా జంట ఉంది. ఎక్సాన్ 2 జారిపోతే 350 అమైనో ఆమ్లాల పొడుగు రకం బదులు బీహెచ్3 భాగం ఒక్కటే మిగిలిన 271 అమైనో ఆమ్లాల పొట్టి రకం వస్తుంది, అది కణాన్ని చంపుతుంది. ఒంటరిగా ఇస్తే కణాలను చంపనంత తక్కువ మోతాదులో ఎంసీఎల్1 ఇన్హిబిటర్ ఎస్63845ను మీ ఒలిగోతో కలిపి ఇవ్వండి. రెండూ కలిసినప్పుడే అనెక్సిన్ పెరిగితే, కణం ఎంసీఎల్1 ఆసరాతో నిలబడిందన్నమాట.