ఇంటర్వ్యూలో రెండు ఆడియో ఫైళ్లు కలవడం లేదు, సరిచేయడం ఎలా?

స్వతంత్ర హారర్, థ్రిల్లర్ చిత్రాలపై సమీక్షలు రాస్తాను. ఆ రంగంలో పనిచేసే మహిళలతో ఆడియో ఇంటర్వ్యూలు కూడా చేస్తాను. ఇటీవల ఒక దర్శకురాలితో వీడియో కాల్‌లో 70 నిమిషాలు మాట్లాడాను. కాల్‌లో ధ్వని పలుచగా ఉంటుందని ఎవరి గొంతును వారే విడిగా రికార్డు చేసుకున్నాం. నాది రికార్డర్‌లో తీసిన 48 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకు 48 వేల ధ్వని నమూనాలు), 24 బిట్ వేవ్ ఫైలు. ఆమెది ఫోనులో తీసిన 44.1 కిలోహెర్ట్జ్ ఎం4ఏ ఫైలు.

గుర్తుగా మొదట కొట్టిన చప్పట్ల దగ్గర రెండూ సరిగ్గా కలుస్తాయి. 20వ నిమిషానికి ఆమె గొంతు పావు సెకను ముందుకు జరుగుతుంది, చివరికి రెండు సెకన్లు దాటుతుంది. నా ప్రశ్న పూర్తికాకముందే జవాబు వినిపిస్తుంది!

ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆమె ఫైలును 48 కిలోహెర్ట్జ్‌కు మార్చాను, తేడా తగ్గలేదు. గొంతు శ్రుతి (పిచ్) మారకుండా నిడివి సాగదీస్తే మొదలు, చివర కలిశాయి గానీ 40వ నిమిషం దగ్గర అర సెకను తేడా మిగిలింది. ఫోను అక్కడక్కడ ధ్వనిని వదిలేసిందని నా అనుమానం.

మౌనాల దగ్గర కోసి సర్దవచ్చు. కానీ ఆమె మాట్లాడిందే భయానికి ముందు నిశ్శబ్దాన్ని ఎంతసేపు నిలపాలన్న దాని గురించి. చెబుతూ చెబుతూ ఆగి చూపించారు కూడా. ఆ విరామాలను నా ఇష్టానికి మార్చడం ఆమెకు అన్యాయం. ఆమె ఇప్పుడు షూటింగులో ఉన్నారు, మళ్లీ మాట్లాడించడం కుదరదు. నాణ్యత తక్కువైనా కాల్ రికార్డింగ్ మొత్తం నా దగ్గర ఉంది.

దాన్ని ఆధారంగా పెట్టుకుని, ఆమె ఫైలులో ధ్వని ఎక్కడెక్కడ తెగిందో కనిపెట్టి సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గానీ పద్ధతి గానీ ఏదైనా ఉందా?