రక్తం పట్టాలంటే దానిమ్మ రసం తాగించాలా, గింజలు తినిపించాలా?

బసవనగుడి అమ్మ:
మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. హిమోగ్లోబిన్ 9.2 ఉందని డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. కడుపులో తిప్పుతోందని పది రోజులకే మానేసింది. దానిమ్మ ఉండగా మాత్రలెందుకులే అని నేనూ ఊరుకున్నాను. రెండు నెలలు గాంధీబజారు నుంచి కాయలు తెచ్చి, ఒలిచి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, వడగట్టి రోజూ పెద్ద గ్లాసుడు ఇచ్చాను. నా వేళ్ళకు ఆ మరక ఇంకా పోలేదు. నిన్న పరీక్ష చేయిస్తే 9.4. రసం తీయడమే పొరపాటా? గింజలే తినిపించి ఉండాల్సిందా?

మల్లేశ్వరం తాతయ్య:
అమ్మా, రెండు నెలలకే నిరాశ పడకండి. మా ఇంట్లో బాలింతలకు, జ్వరం తగ్గినవాళ్ళకు దానిమ్మే ఇచ్చేవారు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అన్నం సయించలేదు, ఈ రసంతోనే లేచి కూర్చున్నాను. పెద్దలు ఊరికే చెప్పరు.

మారతహళ్ళి ఆహార నిపుణురాలు:
తాతయ్యగారూ, నోటికి ఏదీ సయించనప్పుడు రసం ఆదుకుంటుంది, కాదనను. కానీ ఈ అమ్మాయికి కావలసింది ఇనుము. వంద గ్రాముల గింజల్లో అది సుమారు 0.3 మిల్లీగ్రాములే. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం వయసొచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. దానిమ్మతోనే అది భర్తీ చేయాలంటే దాదాపు పది కిలోల గింజలు తినాలి! ఆ ఎరుపు చూసి మనం మోసపోతున్నాం. అది ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలది, ఇనుముది కాదు.

ఇక రసమా, గింజలా అంటే, నిస్సందేహంగా గింజలే. వంద గ్రాముల గింజల్లో నాలుగు గ్రాముల పీచు ఉంటుంది. అమ్మగారు జల్లెడలో మిగిలిన పిప్పిని పారేశారు కదా, ఆ పీచంతా దానితోనే పోయింది. చక్కెర మాత్రం గ్లాసులోకి దిగింది. పావు లీటరు రసంలో దాదాపు ముప్పై గ్రాములు. పండులో ఉన్న చక్కెరకు పట్టింపు లేదు కానీ, రసంగా మారాక దాన్ని పరిమితిలో ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

మల్లేశ్వరం తాతయ్య:
మరి రక్తపోటు సంగతి? రసం తాగితే తగ్గుతుందని పరిశోధనలే చెప్పాయి.

మారతహళ్ళి ఆహార నిపుణురాలు:
నిజమే. ఎనిమిది ప్రయోగాలను కలిపి చూసి 2017లో వేసిన లెక్కలో పై అంకె సుమారు ఐదు తగ్గింది. చిన్న మేలు కాదు. అయినా రక్తపోటు మాత్రలు మానేసి రసం పట్టుకునేంత మేలూ కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదు, పొటాషియం ఎక్కువ. అమెరికాలో పామ్ వండర్‌ఫుల్ అనే కంపెనీ తన రసం గుండెజబ్బును, ప్రొస్టేట్ క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ప్రచారం చేసుకుంది. చాలినంత రుజువు లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో తప్పుపట్టింది, 2015లో అప్పీలు కోర్టూ ఆ మాటే నిలబెట్టింది.

అనంతపురం రైతుబిడ్డ:
మా నాన్న దానిమ్మ తోట వేశారు. మచ్చ తెగులు వచ్చిన ఏడాది కాయలన్నీ నల్లమచ్చలతో పగిలిపోతే గట్టు మీద కూర్చుని చూస్తుండిపోయారు. ఈ పండు మీద నాకు ప్రేమ ఎక్కువే. అందుకే ఒక మాట. విదేశాల్లో పరీక్షించిన రసం చాలావరకు కాయను తొక్కతో సహా పిండి తీసింది. ప్యూనికలాజిన్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థం ఎక్కువగా ఉండేది తొక్కలోనే. మనం ఇంట్లో తొక్క వలిచి, గింజలు మాత్రమే తిప్పుతాం. ఆ రసమూ ఈ రసమూ ఒకటి కావు. అక్కడి ఫలితాలు చూపించి మన గ్లాసుకు గొప్పలు అంటగట్టకూడదు.

బసవనగుడి అమ్మ:
పిప్పి మాట చదివి మనసు చివుక్కుమంది. రోజూ చెత్తబుట్టలోకే వేశాను. మరి ఇనుము కోసం ఏం పెట్టమంటారు?

మారతహళ్ళి ఆహార నిపుణురాలు:
రాగిముద్ద తినే బెంగళూరులో ఉన్నాం కదా అక్కా. వంద గ్రాముల రాగుల్లో నాలుగైదు మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మొలకెత్తించి పిండి పట్టిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. తోటకూర, శనగలు, మీరు తింటే మాంసం. ఇనుము ఒంటికి పట్టడానికి పక్కన నిమ్మకాయ. అయితే 9.4కి తిండి ఒక్కటే చాలదు, మాత్రలు వేసుకోవాల్సిందే. పడకపోతే డాక్టరుగారు వేరేవి రాస్తారు. ఒక్కటి అడుగుతాను, అప్పట్లో మాత్ర ఎప్పుడు వేసుకునేది?

బసవనగుడి అమ్మ:
పొద్దున లేవగానే, ఫిల్టర్ కాఫీతో.

మారతహళ్ళి ఆహార నిపుణురాలు:
అయ్యో అక్కా! కాఫీ, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పరగడుపున వేసుకుంటే కొందరికి తిప్పుతుంది కూడా. డాక్టరుగారికి ఈ సంగతి చెప్పండి.

బసవనగుడి అమ్మ:
ఇప్పుడే ఫోన్ చేసి వచ్చాను. మాత్ర మార్చారు. రాత్రి భోజనమయ్యాక వేసుకోమన్నారు, కాఫీ జోలికి పోవద్దన్నారు. ఇంట్లో రెండు కాయలు మిగిలాయి, సాయంత్రం ఒలిచి గింజలే గిన్నెలో పోసి ఇస్తాను.

మల్లేశ్వరం తాతయ్య:
ఇవ్వండి తల్లీ. నాకు పళ్ళు లేవు కనుక నేను రసమే తాగుతాను, చిన్న గ్లాసుతో.