మూడు తరాల ఇల్లు, పైన మిద్దెతోట: స్లాబు వేయకముందే ఏం చూసుకోవాలి?

ప్రశ్న (హన్మకొండ):
నమస్తే అండీ. 200 గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాం. అమ్మానాన్న డెబ్బై దాటారు, మేమిద్దరం, ఇద్దరు చిన్నపిల్లలు. అందరికీ మొక్కల పిచ్చే, అందుకే మిద్దె మొత్తం తోటకే. పిల్లర్ల డ్రాయింగ్ ఇంకా ఖాయం కాలేదు. మేస్త్రీ "స్లాబు 5 అంగుళాలకు బదులు 6 వేస్తే చాలు" అంటున్నాడు. నిజమేనా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మడులు ఎంత ఎత్తు పెట్టాలి?

జవాబు 1:
చాలదండీ. అంగుళం మందం పెంచితే స్లాబు సొంత బరువే చదరపు మీటరుకు 60 కిలోల పైన పెరుగుతుంది. దాన్ని మోసే బీములు, పిల్లర్లు, ఫుటింగులు (పిల్లర్ల పునాదులు) మాత్రం పాత లెక్కవే. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 (కట్టడాల మీద బరువుల లెక్కకు భారతీయ ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల లైవ్ లోడు, అంటే కట్టడం సొంత బరువు కాక పైన వచ్చిపోయే బరువు, లెక్క వేస్తారు. అడుగు లోతు మట్టి వాన తాగాక 500 దాటుతుంది. మట్టి, కొబ్బరిపొట్టు, ఎరువు సమపాళ్ళలో కలిపినా 300 దగ్గర ఉంటుంది.

"మిద్దెతోట, చదరపు మీటరుకు 500 కిలోలు" అని స్ట్రక్చరల్ ఇంజినీరుకు కాగితం మీద రాసివ్వండి. అంత ఖర్చు వద్దనుకుంటే బరువైన మడులు ఎక్కడ వస్తాయో డ్రాయింగులోనే గుర్తు పెట్టించి, వాటిని పిట్టగోడ వెంబడి, బీముల మీదికి తెచ్చుకోండి. గదుల నడిమి భాగంలో గ్రో బ్యాగులే. స్లాబు వేశాక బీములు పైకి కనపడవు, కాబట్టి పిట్టగోడ లోపలి వైపు పెయింటుతో గీతలు కొట్టించండి. బాల్కనీ అంచున నీళ్ళ డ్రమ్ము పెట్టనే పెట్టొద్దు.

జవాబు 2:
లీకులు ఎక్కువగా మొదలయ్యేది స్లాబు మధ్యలో కాదు, పిట్టగోడ స్లాబును కలిసే మూలలో, పైపు చుట్టూ. ఆ మూలంతా మాలుతో గుండ్రంగా తిప్పించి, పైన ఫైబర్ మెష్ పరిచి, నీళ్ళు దిగకుండా ఆపే పాలిమర్ సిమెంటు కోటింగు రెండు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేయించండి. గోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కాలి. తర్వాత 48 గంటలు నీళ్ళు నిలబెట్టి కింద గదుల సీలింగు చూడండి. ఈ పరీక్ష కాకుండా టైల్స్ వేయనివ్వొద్దు, ఎంత తొందరున్నా.

మిద్దె వాలు 10 అడుగులకు ఒకటిన్నర అంగుళం. వాన నీళ్ళు కిందికి దిగే 4 అంగుళాల పైపులు కనీసం రెండుండాలి. తోటలో ఆకులు, మట్టి కొట్టుకొచ్చి ఒకటి మూసుకుపోవడం మామూలే. ఇనుప స్టాండ్ల కాళ్ళు కోటింగును చీల్చేస్తాయి, ఒక్కో కాలి కింద అరడుగు రాతిపలక వేయండి.

జవాబు 3:
పిట్టగోడ వెంబడి మడులంటే బరువు లెక్కకు సరే, పిల్లలున్న ఇంట్లో అదే ప్రమాదం. మూడున్నర అడుగుల గోడ పక్కన అడుగుంపావు మడి ఉంటే, దాని మీద నిలబడ్డ పిల్లాడికి మిగిలేది రెండుంపావే. మడి పైఅంచు నుంచి మూడున్నర అడుగులు వచ్చేలా గోడ మీద నిలువు చువ్వల గ్రిల్లు పెట్టించండి. అడ్డ చువ్వలైతే అవే మెట్లవుతాయి.

అమ్మగారికి 30 అంగుళాల ఎత్తు. అయితే అంత ఎత్తునా మట్టి నింపకండి: కాళ్ళున్న స్టాండు మీద 10 అంగుళాల లోతు ట్రే చాలు, ఆకుకూరలకు, మిర్చికి సరిపోతుంది. కింద ఖాళీ ఉంటే కుర్చీలో కూర్చుని కాళ్ళు లోపలికి చాపి పని చేసుకోవచ్చు. వెడల్పు రెండు వైపులా చేయి అందితే 3 అడుగులు, ఒకవైపే అయితే 2. సొర, బీర పందిరి మీకు.

మెట్లు 6 అంగుళాల ఎత్తు, 11 వెడల్పు, రెండు పక్కలా కమ్మీలు. లిఫ్టు పెట్టిస్తే మిద్దె దాకా తీసుకెళ్ళండి, పైఅంతస్తుతో ఆపితే ఆ చివరి మెట్ల దగ్గరే అమ్మగారి తోటపని ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. నీళ్ళ ట్యాంకు మిద్దె మీద 6 అడుగుల ఎత్తున వస్తుంది. డ్రిప్పు దాంతో నడుస్తుందా?

జవాబు 4:
మామూలు డ్రిప్పర్లకు ఒక కిలో ప్రెజరు కావాలి, అంటే 10 మీటర్ల ఎత్తు. మీకు వచ్చేది దానిలో ఐదో వంతు కూడా కాదు. చిన్న పంపు, నలకలు ఆపే సన్న జాలీ (120 మెష్) ఫిల్టరు పెట్టండి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే డ్రిప్పర్లు పూడిపోతాయి, అలాంటప్పుడు సన్న మైక్రోట్యూబులే నయం. పెద్దవాళ్ళు ఎలాగూ చేత్తోనే పోస్తారు, కాబట్టి ప్రతి మూలకూ ఒక కుళాయి. పొడుగు పైపు కాళ్ళకు తగిలి పడతారు.

మీ వైపు కోతులు వస్తుంటే పిట్టగోడలో 8 అడుగులకొకటి రెండంగుళాల జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూసిన ఇనుప) పైపు ముక్క నిలువుగా పాతించండి, తర్వాత కోతులు రాకుండా కట్టే వలకు స్తంభాలు అందులో దించుకోవచ్చు. ప్లాస్టరింగు అయ్యాక గోడకు రంధ్రాలు కొడితే అక్కడి నుంచే నీళ్ళు దిగుతాయి.