హైదరాబాద్–దుబాయ్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

జగిత్యాల చిన్నోడు:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు మొదటిసారి విమానం ఎక్కి దుబాయ్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నారు. టికెట్‌లో శంషాబాద్ నుంచి ఉదయం 10:00కి బయలుదేరి 12:30కి దుబాయ్‌లో దిగుతుందని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 9:10కి ఎక్కితే తెల్లవారుజామున 2:10కి ఇక్కడ దిగుతుందట. ఒకటే దారి కదా, ఇంత తేడా ఎందుకు? మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా? నాన్నకు షుగర్ ఉంది, టైముకు తినాలి. అదే టెన్షన్.

షార్జా పదేళ్లు:
ఎక్కడా ఆగదు తమ్ముడూ. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12:30 అంటే ఇక్కడ 2:00, అంటే పోయేది నాలుగు గంటలు. అక్కడ రాత్రి 9:10 అంటే ఇక్కడ 10:40, కాబట్టి వచ్చేది మూడున్నర గంటలు.

జగిత్యాల చిన్నోడు:
అన్నా, చాలా థ్యాంక్స్. మరి ఆ అరగంట తేడా?

కిటికీ సీటు:
అది గాలి వల్ల. విమానం ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయ్ పోయేటప్పుడు ఆ గాలికి ఎదురెళ్లాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా కొలిస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. కొన్నిచోట్ల 1,378 అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఓడలకు, విమానాలకు వాడే నాటికల్ మైళ్ల లెక్క. విమానం గంటకు 830, 850 కిలోమీటర్లు పోతుంది కదా, మూడు గంటలు చాలు అనిపిస్తుంది. కానీ ఎక్కడానికి, దిగడానికి వేగం తగ్గుతుంది, విమానం రన్‌వే దాకా నేలమీద మెల్లగా పోయే టైము కూడా టికెట్ లెక్కలోనే ఉంటుంది.

నిజామాబాద్ వదిన:
టైము కంటే తేదీ జాగ్రత్తగా చూసుకోండి బాబూ. మా ఆయన టికెట్ మీద 14వ తేదీ 00:40 అని ఉండె. 14 రాత్రి అనుకొని ఎయిర్‌పోర్టుకు పోతే, ఆ విమానం ముందురోజు అర్ధరాత్రే వెళ్లిపోయిందన్నారు. అంటే 13 రాత్రే చేరుకోవాల్సింది. అప్పు చేసి కొత్త టికెట్ కొన్నాం. పన్నెండు దాటాక ఉండే విమానమైతే తేదీని ఇంట్లో ఇద్దరు ముగ్గురితో చదివించండి.

షార్జా పదేళ్లు:
వదిన చెప్పింది అక్షరాలా నిజం, మా రూములో కూడా ఒకతనికి అలాగే అయింది. ఇంకోటి తమ్ముడూ, జగిత్యాల నుంచి శంషాబాద్ రోడ్డు ప్రయాణమే విమానంకంటే ఎక్కువసేపు పడుతుంది. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అంటే ఉదయం 7:00కి. ఇంట్లో రాత్రి 1:30కల్లా బయలుదేరండి. నాన్నగారి మందులు లగేజీలో వేయకుండా చేతి బ్యాగులోనే పెట్టండి, డాక్టరు చీటీ కూడా. యూఏఈలో మందుల విషయం గట్టిగా చూస్తారు.

జగిత్యాల చిన్నోడు:
సరే అన్నా, కారు మాట్లాడేశాను. నాన్న చేతి గడియారం దుబాయ్‌లో దిగేదాకా మార్చొద్దని చెప్తాను. మన టైము ఒంటిగంటకు, విమానంలోనే, అమ్మ కట్టిన చపాతీ తినేస్తారు.